‘రేఖాంశ రేఖ’లో రేఖ రెండుసార్లా?

సందేహం: నేను హైస్కూల్లో సోషల్ చెబుతాను. బోర్డు మీద ‘రేఖాంశ రేఖలు’ అని రాస్తే ఒక పిల్ల లేచి, "రేఖ రెండుసార్లు ఎందుకండీ?" అని అడిగింది. నాకు జవాబు తోచలేదు. ‘అక్షాంశాలు’, ‘అక్షాంశ రేఖలు’ అని రెండు రకాలుగా రాస్తున్నారు, ఏది ఒప్పు? అవి 180 అని కొందరు, 181 అని కొందరు అంటారు. భూమధ్యరేఖ అనే పేరు సరైనదేనా? మ్యాపు అనాలా, పటం అనాలా?

సమాధానం: ఆ పిల్లను మెచ్చుకోవాలి. అడ్డగీతలు అక్షాంశాలు, నిలువుగీతలు రేఖాంశాలు అని బట్టీపట్టి మార్కులు తెచ్చేసుకున్న మనకెవరికీ ఆ అనుమానమే రాలేదు.

చిక్కంతా ‘అంశం’ అన్న మాటలో ఉంది. ఇవాళ అంశం అంటే విషయం, పాయింటు. ‘చర్చకు వచ్చిన అంశాలు’ అంటాం. కానీ ఆ మాటకు అసలు అర్థం భాగం. వృత్తాన్ని 360 భాగాలు చేస్తే అందులో ఒక్కో భాగం ఒక అంశ. ఇప్పుడు మనం డిగ్రీ అంటున్నది దాన్నే. జాతకం చెప్పేవాళ్ల ‘నవాంశ’లో ఉన్నదీ ఈ భాగం అర్థమే. కాబట్టి అక్షాంశం గీత కాదు, కొలత. ఇన్ని డిగ్రీలు అని చెప్పే కోణం.

మరి అందులో ‘అక్షం’ ఏమిటి? అక్షం అంటే ఇరుసు. భూమి తిరిగే ఇరుసును ఉత్తరంవైపు అలా పొడిగించుకుంటూ పోతే ఆకాశంలో ధ్రువనక్షత్రం దగ్గరికి చేరుతుంది. (‘ధృవం’ అని వట్రుసుడి ఇచ్చి రాయకండి. క్రావడి ఉన్న ‘ధ్రువం’ ఒప్పు.) ఉత్తరార్ధగోళంలో మీరు నిలబడ్డ చోట ఆ నక్షత్రం నేల అంచు నుంచి ఎంత ఎత్తున కనిపిస్తే, సుమారుగా అదే మీ అక్షాంశం. 17 డిగ్రీల ఎత్తున కనిపిస్తే మీరు 17 డిగ్రీల దగ్గర ఉన్నట్టు. భూమధ్యరేఖ దగ్గర ఇరుసు నేలబారుగా పడుకుని ఉంటుంది, అక్కడ అక్షాంశం సున్నా. ఉత్తర ధ్రువం దగ్గర నడినెత్తికి వస్తుంది, అక్కడ 90. పేరు పెట్టినవాళ్లు గీతను కాకుండా ఇరుసు ఎంత లేచి ఉందో దాన్ని చూశారన్నమాట.

ఇక రేఖాంశం. పాత ఖగోళ సిద్ధాంత గ్రంథాల్లో ‘రేఖ’ అంటే ఏదో ఒక గీత కాదు. తూర్పు, పడమర లెక్కలకు మూలంగా పెట్టుకున్న ఒకే ఒక రేఖ. వాళ్లకు అది ఉజ్జయిని మీదుగా పోయేది. దాని మీద ఉన్న ఊళ్లను ‘రేఖాపురాలు’ అన్నారు. ఆ మూలరేఖ నుంచి లెక్కపెట్టిన అంశాలు రేఖాంశాలు అని సమాసాన్ని విడదీసి చెప్పుకుంటే మాట చక్కగా కుదురుతుంది. 1884లో వాషింగ్టన్‌లో జరిగిన సమావేశం గ్రీనిచ్ రేఖను మూలంగా ఎంచుకుంది. రేఖ మారినా మన మాటకేమీ నష్టం లేదు.

మీ విద్యార్థినికి ఇలా చెప్పండి: ‘రేఖాంశ రేఖ’లో మొదటి రేఖ మూలరేఖ. రెండోది, ఒకే రేఖాంశం ఉన్న చోట్లన్నీ కలుపుతూ మనం గీసిన గీత. రెండూ వేరు. ‘మళ్లీ తిరిగి’, ‘నడిమధ్య’ లాంటి పునరుక్తి కాదిది.

అయితే ‘అక్షాంశాలు గీయండి’ అనడం తప్పా? నేను తప్పనను. పదో నంబరు బస్సు వస్తే ‘అదుగో, పది వచ్చింది’ అంటాం. బస్సు పది కాదని అందరికీ తెలుసు. అలాగే కొలత పేరుతో గీతను పిలవడం వాడుకలో స్థిరపడింది. పాఠం చెప్పేటప్పుడు మాత్రం తేడా పాటిస్తే పిల్లలకు మేలు. ‘ఆ ఊరి అక్షాంశం 17 డిగ్రీలు’ అంటే కొలత, ‘ఆ ఊరు 17 డిగ్రీల అక్షాంశ రేఖ మీద ఉంది’ అంటే గీత. అడ్డం, నిలువు అనే గుర్తు కూడా పూర్తిగా నమ్మదగ్గది కాదు. ధ్రువాన్ని నడిమి పెట్టి గీసిన మ్యాపులో అక్షాంశ రేఖలు గుండ్రంగా, ఒకదాని చుట్టూ ఒకటిగా ఉంటాయి. రేఖాంశ రేఖలు చక్రం ఆకుల్లా నాలుగు దిక్కులకూ పోతాయి. అక్కడ అడ్డమేది, నిలువేది?

180, 181 తగాదా కూడా కొలతను గీత అనుకోవడంతోనే వచ్చింది. డిగ్రీకొక గీత చొప్పున గీస్తే భూమధ్యరేఖ ఒకటి, దానికి ఉత్తరాన 89, దక్షిణాన 89. మొత్తం 179 వృత్తాలు. 90 దగ్గర గీత లేదు, చుక్కే. రెండు ధ్రువాల చుక్కల్నీ కలుపుకుంటే 181. అటు తొంభై, ఇటు తొంభై అని కూడి సున్నాను మరిచిపోతే 180. రేఖాంశ రేఖల్లో తూర్పు 180, పడమర 180 రెండూ ఒకే గీత కాబట్టి 360 దగ్గర లెక్క తేలిపోతుంది. ఇదంతా ‘డిగ్రీకొకటి’ అనుకుంటేనే. పదహారున్నర డిగ్రీలూ అక్షాంశమే కదా! ‘అక్షాంశాలు ఎన్ని?’ అని ఊరికే అడిగే ప్రశ్నపత్రాలను చూస్తే నాకు పిల్లల మీద జాలేస్తుంది.

కొలతకూ దూరానికీ తేడా చూపించడానికి ఇంకో మాట చెప్పొచ్చు. ఒక డిగ్రీ అక్షాంశం ఎక్కడైనా సుమారు 111 కిలోమీటర్లే. ఒక డిగ్రీ రేఖాంశం మాత్రం భూమధ్యరేఖ దగ్గర 111 కిలోమీటర్లుండి, 60 డిగ్రీల అక్షాంశం దగ్గరికి వచ్చేసరికి అందులో సగమై, ధ్రువం దగ్గర సున్నా అవుతుంది. కోణం మారలేదు, నేల మీది ఎడమే తగ్గింది.

భూమధ్యరేఖ సంగతి వింటే మీ క్లాసంతా నవ్వుతుంది. 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు తన ఖగోళ గ్రంథం సిద్ధాంతశిరోమణిలో భూమికి మధ్యరేఖ అని చెప్పింది అడ్డగీతను కాదు. లంక, ఉజ్జయిని, కురుక్షేత్రాలను తాకుతూ మేరువు (అంటే ఉత్తర ధ్రువం) దాకా పోయే నిలువుగీతను, అంటే ఆనాటి మూలరేఖను. ఇప్పుడు మనం భూమధ్యరేఖ అంటున్న చోటికి వాళ్ల మాట ‘నిరక్షం’. అక్షం లేనిది, అక్షాంశం సున్నా అని అర్థం. ఎంత పొదుపైన మాట! అలాగని ఇప్పుడు నిరక్షరేఖ అని బోర్డు మీద రాస్తే పిల్లలు కంగారుపడతారు. నిలువుగీత పేరు అడ్డగీతకు ఎప్పుడో స్థిరపడింది, దాన్ని కదపక్కర్లేదు. కర్కట రేఖ, కర్కాటక రేఖ రెండూ ఒప్పే, రెండింటికీ ఎండ్రకాయ అనే అర్థం.

చివరిది మ్యాపు, పటం. సంస్కృతంలో పటమంటే బట్ట. బట్ట మీద వేసిన బొమ్మకు ఆ పేరు వచ్చి, అక్కడి నుంచి దేశాల బొమ్మకూ వచ్చింది. తమాషా ఏమిటంటే, మ్యాపుకు మూలమైన లాటిన్ ‘మప్పా’ కూడా గుడ్డే, చేతులు తుడుచుకునేది. రెండు భాషలూ వేర్వేరు దారుల్లో నడిచి ఒకే బట్టల కొట్టుకు చేరాయి. అందువల్ల ఒకటి శుద్ధం, ఒకటి కాదు అని గొడవపడక్కర్లేదు. ప్రశ్నపత్రంలో ‘పటంలో గుర్తించండి’ అనే రాయండి. ఫోనులో దారి వెతుక్కుంటున్నవాణ్ని మాత్రం ‘పటం చూడు’ అనకండి, గోడకు వేలాడే ఫొటో వంక చూస్తాడు.