అంటార్కిటికాలో బొమ్మలు వేస్తానంటున్న అమ్మాయి: లాంగ్‌టర్మ్ పెట్టాలా, ఫైన్ ఆర్ట్స్‌లో చేర్చాలా?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలం. వెన్నామీ రొయ్యల చెరువులు చేస్తాం. పాప నెల్లూరులో హాస్టల్లో ఉండి ఇంటర్ బైపీసీ పూర్తి చేసింది. నీట్‌లో సీటు వచ్చేన్ని మార్కులు రాలేదు. ఒక సంవత్సరం నీట్ లాంగ్‌టర్మ్ కోచింగ్ పెడదామంటే వద్దంటోంది. చిన్నప్పటి నుంచి బొమ్మలు బాగా వేస్తుంది. ఈమధ్య ఎవరో చిత్రకారులు అంటార్కిటికా పోయి అక్కడి సైంటిస్టుల పనిని, పెంగ్విన్లను బొమ్మలు వేయడం ఫోన్లో చూసి తనూ అదే చేస్తానంటోంది. ఇదసలు ఉద్యోగమేనా? జీతం వస్తుందా? చుట్టాలకు ఏమని చెప్పుకోవాలి? లాంగ్‌టర్మ్, ఫైన్ ఆర్ట్స్ రెంటిలో ఏది మేలో పోల్చి చెప్పగలరు.

జవాబు: అయ్యా, మొదటి ప్రశ్నకు సూటిగా చెబుతాను. అది ఉద్యోగం కాదు. అప్పటికే ఏళ్ల తరబడి పనిచేసి చూపించుకున్న చిత్రకారులకు, ఫొటోగ్రాఫర్లకు, రచయితలకు కొన్ని దేశాలు ఇచ్చే అవకాశం. కొన్ని వారాలు, మహా అయితే ఒక సీజన్. అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ చాలా ఏళ్లు కళాకారులను, రచయితలను అంటార్కిటికాకు పంపింది. ఆస్ట్రేలియా అంటార్కిటిక్ విభాగం ఆర్ట్స్ ఫెలోషిప్ ఇస్తూ వచ్చింది. బ్రిటిష్ అంటార్కిటిక్ సర్వే కూడా కొంతకాలం పంపింది. ఏ దేశం డబ్బు పెడితే ఆ దేశం ప్రధానంగా తన వాళ్లనే తీసుకుపోతుంది.

మన దేశం బృందాలను పంపేది గోవాలోని ఎన్‌సీపీఓఆర్, అంటే జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం. అంటార్కిటికాలో 1989 నుంచి మైత్రి, 2012 నుంచి భారతి స్టేషన్లు ఉన్నాయి. ఆర్కిటిక్ వైపు నార్వే వాళ్ల స్వాల్‌బార్డ్ దీవుల్లో 2008 నుంచి హిమాద్రి స్టేషన్ ఉంది. చలికాలమంతా మైత్రిలో గడిపేది సుమారు పాతికమంది. అందులో శాస్త్రవేత్తలు పోను డాక్టరు, వంటమనిషి, జనరేటర్ మెకానిక్, ఎలక్ట్రీషియన్, వెల్డర్ ఉంటారు. జనరేటర్ ఆగితే స్టేషన్‌లో ఉన్నవాళ్లంతా ప్రమాదంలో పడతారు కాబట్టి మెకానిక్‌కు పడక ఖాయం. బొమ్మలు మాత్రమే వేసే మనిషికి ఆ పాతిక పడకల్లో ఒకటి ఇవ్వడం ఎంత కష్టమో మీకు చెప్పక్కర్లేదు.

ఇదే ప్రశ్న ఏటా ఫలితాల తర్వాత వస్తూనే ఉంటుంది. ఒకసారి అంటార్కిటికా బదులు యానిమేషన్, ఇంకోసారి వైల్డ్‌లైఫ్ ఫొటోగ్రఫీ. అడుగున ఉన్న భయం మాత్రం ఒకటే. పిల్ల చేతికి సంపాదన రాకపోతే రేపు ఎవరి మీద ఆధారపడాలి? ఆ భయం న్యాయమైనదే, దాని గురించే ఎక్కువ మాట్లాడదాం. "చుట్టాలకు ఏమని చెప్పుకోవాలి" అన్న మాట మాత్రం నాకు నచ్చలేదు. మీరు వెన్నామీ వేసేవాళ్లు. తెల్లమచ్చ తెగులు వస్తే ఏమవుతుందో తెలిసి కూడా ప్రతి పంటకూ సీడు, మేత, కరెంటు, ఏరేటర్ల మీద లక్షలు పోస్తారు. అప్పుడు చుట్టాలను అడిగి పోయలేదు కదా! పద్దెనిమిదేళ్ల పిల్ల తనకు నచ్చిన పని గురించి నోరు విప్పితే మొదటి రోజే జీతం గ్యారంటీ ఎందుకు అడుగుతున్నారు? రెండేళ్లు హాస్టల్లో తెల్లవారుజామునే లేచి చదివిన పిల్లను, తనకు ఇష్టం లేకుండా ఇంకో ఏడాది అదే గదిలో పెడితే మార్కులు పెరుగుతాయని నేను అనుకోను. డాక్టర్ కావాలని తనకే ఉండి, కొద్దిలో సీటు తప్పిపోయి ఉంటే లాంగ్‌టర్మ్‌కు అర్థం ఉంది. మీ ఉత్తరంలో ఆ కోరిక మీదిగానే కనిపిస్తోంది.

ఇక అమ్మాయికి కూడా కొంచెం గట్టిగా చెప్పాల్సింది ఉంది. ఫోన్లో కనిపించే ధ్రువ చిత్రకారుల మీద నాకు చాలా అనుమానాలున్నాయి. స్వాల్‌బార్డ్ చుట్టూ ఓడలో తిప్పే కొన్ని రెసిడెన్సీలకు (కళాకారులు కొన్నాళ్లు ఉండి పనిచేసుకునే కార్యక్రమాలకు) కళాకారులే రుసుము కట్టుకోవాలి. విమానం, బట్టలు, ఇన్సూరెన్స్ అదనం. డబ్బు కట్టి వెళ్లడంలో తప్పేమీ లేదు. కానీ చూసే పిల్లలకు అది ఎవరో పిలిచి జీతమిచ్చినట్టు కనిపిస్తుంది. రెండో అనుమానం ఇంకా పెద్దది. పుస్తకాలకు, యాప్‌లకు మామూలు బొమ్మలు వేసే పని కంప్యూటర్ తయారుచేసే బొమ్మల వల్ల తగ్గుతోంది. "నా బొమ్మలు అందంగా ఉంటాయి" అనే ఒక్క బలం మీద నాలుగేళ్ల చదువు, మీ డబ్బు పెట్టమని నేను చెప్పలేను. మిగిలేది సరిచూసి వేసే బొమ్మ. శాస్త్రవేత్త పక్కన కూర్చుని ఒక్కో ముల్లు లెక్కపెట్టి ఒప్పుకునే బొమ్మ.

ధ్రువాల్లో కూడా నిలిచినవి అలాంటివే. 1901-04లో, మళ్లీ 1910లో బయల్దేరి బ్రిటిష్ అన్వేషకుడు స్కాట్ బృందంతో అంటార్కిటికా వెళ్లిన ఎడ్వర్డ్ విల్సన్ చదివింది వైద్యం. జంతుశాస్త్రజ్ఞుడు కూడా. బొమ్మలు వేయడం సొంతంగా నేర్చుకున్నాడు. ఆ చలిలో నీటిరంగులు పనిచేయవు కనుక బయట పెన్సిల్‌తో గీసి, ఏ చోట ఏ రంగో పక్కన మాటల్లో రాసుకుని, గుడిసెలోకి వచ్చాక ఎసిటిలిన్ దీపం కింద రంగులు వేసేవాడు. మంచు మీద కళ్లద్దాలు తీసి గీయడం వల్ల కళ్లు మండి, కాసేపు చూపు పోయే బాధ కూడా పడ్డాడు. 1912లో దక్షిణ ధ్రువం నుంచి తిరిగి వస్తూ చనిపోయాడు. ఆయనను తీసుకెళ్లింది ఉత్త చిత్రకారుడిగా కాదు, డాక్టరుగా, శాస్త్రవేత్తగా కూడా. బొమ్మల పని వాటితో పాటే. మన దేశం నుంచి ఈ రోజు వెళ్లాలన్నా ఎక్కువ అవకాశం ఉన్న దారి అదే: చేతిలో ఒక శాస్త్రం, జేబులో ఒక స్కెచ్‌బుక్. అంటే మీ అమ్మాయి చదివిన బైపీసీ వృథా కాలేదు.

ఆమెకు నిజంగా ఈ పని మీద మనసుందా, వీడియో మీద మనసుందా అని తేల్చడానికి రెండు పరీక్షలు చెబుతాను. ఖర్చు తక్కువ.

మొదటిది మీ ఇంటి ఫ్రిజ్‌లోనే. డీప్ ఫ్రీజర్‌లో చలి సుమారు మైనస్ 18 డిగ్రీలు ఉంటుంది. ఒక 4బీ పెన్సిల్, బాల్ పెన్, జెల్ పెన్, మార్కర్, నీటిరంగు నింపిన బ్రష్ పెన్, చిన్న డబ్బాలో యాక్రిలిక్ రంగు, ఒక రబ్బరు రాత్రంతా అందులో పెట్టమనండి. పొద్దున తీసిన నిమిషంలోపు ఒక్కోదానితో పది గీతలు గీసి పక్కన ఫలితం రాసుకోవాలి. పెన్సిల్ మామూలుగానే గీస్తుంది. బ్రష్ పెన్ గడ్డకడుతుంది, జెల్ పెన్ కూడా గడ్డకట్టవచ్చు. బాల్ పెన్ సిరా చిక్కబడి తెగితెగి వస్తుంది. రబ్బరు గట్టిపడి సరిగా చెరపకపోవచ్చు. యాక్రిలిక్ అయితే 10 డిగ్రీల కన్నా చలిలో సరిగా పొర కట్టదు, గడ్డకట్టి కరిగితే విరిగిన పాలలా కూడా కావచ్చు. నీళ్లు గడ్డకట్టకుండా కొందరు చిత్రకారులు రంగుల్లో వోడ్కా కలుపుతారు, అయినా రంగు పరుచుకునే తీరు మారిపోతుంది. తర్వాత ఉన్ని గ్లవ్ మీద ఇంకో గ్లవ్ వేసుకుని గీయమనండి. వేళ్లు కదలవు, భుజం నుంచి గీయాలి. గాలికి కాగితం ఎగరకుండా అట్టకు నాలుగు వైపులా క్లిప్పులు పెట్టాలి, ఆ చలికి టేపు అంటుకోదు.

కెమెరా సంగతి వేరు. చుట్టూ మంచు ఉంటే కెమెరా దాన్ని బూడిదరంగుగా తీస్తుంది కాబట్టి వెలుగు ఒకటి నుంచి రెండు స్టాపులు (కెమెరాలో వెలుగు కొలత) పెంచాలి. బ్యాటరీలు చలికి త్వరగా దిగిపోతాయి, లోపలి జేబులో ఒంటి వేడికి ఉంచాలి. లోపలికి వచ్చేముందు బయటే కెమెరాను జిప్ కవర్లో పెట్టి మూసేయాలి. లేకపోతే వెచ్చటి గాలిలోని తేమ లెన్స్ మీద, లోపల సర్క్యూట్ మీద చెమ్మగా పడుతుంది. కవర్ తెరవకుండా కొన్ని గంటలు వదిలేయాలి. అక్కడ ఇంకో నియమం ఉంది, ఇది అమ్మాయికి ముందే తెలియాలి. 1991లో కుదిరిన మాడ్రిడ్ ఒప్పందం ప్రకారం అంటార్కిటికాలో పరిసరాలను పాడుచేయకూడదు. బ్రష్ కడిగిన నీళ్లు మంచు మీద పారబోసే వీల్లేదు, సీసాలో పట్టుకుని తిరిగి తేవాలి. అందంగా ఉందని ఈక గానీ, రాయి ముక్క గానీ అనుమతి లేకుండా జేబులో వేసుకోకూడదు.

రెండో పరీక్ష మీ చెరువు గట్టు మీద. ఒక రొయ్యను తీసి ఐసు మీద, తడి బట్ట కప్పి ఉంచండి. పక్క నుంచి, తల ఎడమవైపు వచ్చేలా పెట్టి, డివైడర్‌తో కొలిచి రెట్టింపు సైజులో గీయాలి. కింద ఎన్ని సెంటీమీటర్లో తెలిపే కొలత గీత తప్పనిసరి. వెలుగు పై ఎడమ నుంచి పడుతున్నట్టు నీడ వేయాలి, నీడంతా చుక్కలతోనే. తల ముందుకు పొడుచుకొచ్చిన ముల్లు మీద పైన ఎన్ని పళ్లు, కింద ఎన్ని పళ్లు? టైగర్ రొయ్యకు సాధారణంగా పైన 7, కింద 3 ఉంటాయి. మీ వెన్నామీకి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టే వేయాలి. నడిచే కాళ్లు ఐదు జతలు. వాటిలో ముందు మూడు జతలకు చివర చిన్న పట్టుకారు ఉంటుంది, వెనక రెండింటికి ఉండదు. తర్వాత ఒక నీలకంఠ రొయ్యను తెచ్చి పక్కన పెట్టండి. దానికి పట్టుకార్లు ముందు రెండు జతలకే. పొట్ట మీది రెండో డొప్ప అంచు ముందుదాన్నీ వెనకదాన్నీ కప్పుతుంది. వెన్నామీకి అలా ముందుదాన్ని కప్పదు. ఈ తేడా బొమ్మలో కనబడకపోతే ఆ బొమ్మ ఎంత అందంగా ఉన్నా శాస్త్రానికి పనికిరాదు.

అంటార్కిటికా సముద్రానికి ఆధారమైన క్రిల్ చూడటానికి రొయ్యలాగే ఉంటుంది, పెద్దది 6 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. కానీ దాని మొప్పలు వీపు డొప్ప కింద దాగవు, బయటికే కనిపిస్తాయి. కాళ్లకు పట్టుకార్లు ఉండవు. మీ చెరువులో రొయ్యను మూడు వారాలు సరిగా చూసిన పిల్ల క్రిల్ ఫొటో చూడగానే ఆ తేడా పట్టేస్తుంది. అలాంటి కన్ను తయారవడానికి అంటార్కిటికా దాకా పోనక్కర్లేదు. చలికాలంలో నేలపట్టులో గూడబాతులు, పులికాట్‌లో రాజహంసలు ఉంటాయి. కదిలే పక్షిని పది సెకన్లలో గీయడం అక్కడ నేర్చుకోవచ్చు.

ఈ రెంటితో విసుగెత్తి వదిలేస్తే ఆమెకు కావలసింది ప్రయాణం. దానికి వేరే మార్గాలు చాలా ఉన్నాయి, ఎవరికీ నష్టం లేదు. రాత్రి పదకొండుకి కూడా చుక్కలు పెడుతూ కూర్చుంటే మాత్రం మీరు ఆ పిల్లను నమ్మాలి.

మీరు పోల్చమన్న రెండింటి మధ్యలో మీరు చూడని మూడోది ఉంది. ముత్తుకూరు మత్స్య కళాశాల మీ జిల్లాలోనే ఉంది. అక్కడ నాలుగేళ్ల బీఎఫ్ఎస్సీ, అంటే మత్స్యశాస్త్ర డిగ్రీ, ప్రధానంగా బైపీసీ వాళ్లకు. చేప, రొయ్య శరీర నిర్మాణం చదువులోనే వస్తుంది. కంపెనీల్లో, ల్యాబుల్లో, హేచరీల్లో పని ఎలా ఉంటుందో మీకు నాకన్నా బాగా తెలుసు. లేదా జువాలజీతో డిగ్రీ చేసి మెరైన్ బయాలజీలో పీజీకి విక్రమ సింహపురి యూనివర్సిటీకి వెళ్లవచ్చు. తర్వాత పరిశోధనగా సముద్ర జీవుల వైపు మళ్లితే ఎన్‌సీపీఓఆర్ తలుపు తట్టే అర్హత వస్తుంది. ఆ బృందంలోకి ఎంపికైతే వైద్య పరీక్షలు, ఉత్తరాఖండ్‌లోని ఔలీలో ఐటీబీపీ (ఇండో-టిబెటన్ సరిహద్దు పోలీసులు) వాళ్ల దగ్గర మంచు శిక్షణ ఉంటాయి. ఫైన్ ఆర్ట్స్ కావాలంటే విశాఖ ఆంధ్రా యూనివర్సిటీ, కడప, హైదరాబాద్ ఉన్నాయి. చేతి పని బాగా తేలుతుంది. కానీ జీవశాస్త్రం తనంతట తాను పట్టుకుని ఉండాలి, లేకపోతే నాలుగేళ్లలో మర్చిపోతుంది. జంతు, వృక్ష సర్వే సంస్థల్లో చిత్రకారుల పోస్టులు ఎప్పుడో గానీ పడవు, వాటి మీద ఆశ పెట్టుకోవద్దు. పాఠ్యపుస్తకాలు, మ్యూజియంలు, పరిశోధన పత్రాలకు బొమ్మలు, వైద్య విద్య బొమ్మలు మొదట్లో ఒక్కో బొమ్మకు ఇంత అని వచ్చే పని. అందుకే ముందు ఒక శాస్త్రం డిగ్రీ చేతిలో ఉండాలంటాను. ముత్తుకూరు, దాంతో పాటు రోజుకు గంట బొమ్మలు: నా ఓటు దానికే.

అమ్మాయి మీ దగ్గరికి వచ్చి తన మనసులో మాట చెప్పింది. చాలా ఇళ్లలో పిల్లలు చెప్పరు, ఇష్టం లేని చోట కూర్చుని లోలోపలే కుమిలిపోతారు. మీ ఇంట్లో ఆ పరిస్థితి లేదు, అది మీ పెంపకంలోని మంచే. భయపడకండి.

లాంగ్‌టర్మ్ ఫీజు మొదటి విడత కట్టేముందు మూడు వారాలు ఆగండి. రొయ్య బొమ్మ పూర్తయ్యాక మీరే పక్కన కూర్చుని పళ్లు, కాళ్లు లెక్కపెట్టి చూడండి. తప్పుంటే చెప్పండి, మళ్లీ గీయమనండి. తర్వాత ఒక ఆదివారం ఇద్దరూ కలిసి ముత్తుకూరు వెళ్లి ల్యాబ్ చూసి రండి.