ప్రివెయిలింగ్ వేజ్ బిడ్ వేసేముందు: మామయ్య ఉత్తరం

చిన్నా,

న్యూజెర్సీలో ఫెడరల్ బిల్డింగుకి పెయింటింగ్ బిడ్ వేస్తున్నానని నువ్వు పంపిన లెక్క చూశాను. సంతోషమే, కానీ ఒక్క లైను దగ్గర గుండె జారింది. "మన కుర్రాళ్ళకి గంటకి 24 డాలర్లు." ఇళ్ళకి రంగులేసేటప్పుడు ఆ రేటు నువ్వూ వాళ్ళూ అనుకునేది. ఇక్కడ అలా కుదరదు.

ఫెడరల్ నిర్మాణ కాంట్రాక్టు 2,000 డాలర్లు దాటితే డేవిస్-బేకన్ చట్టం వర్తిస్తుంది. 1931 నాటిది. లాంగ్ ఐలాండ్‌లో మాజీ సైనికుల ఆసుపత్రి కట్టడానికి అలబామా కాంట్రాక్టరు ఒకడు తక్కువ కూలికి అక్కడినుంచే మనుషుల్ని తెచ్చుకున్నాడు. ఆ ప్రాంతం కాంగ్రెస్ ప్రతినిధి బేకన్‌కి అది నచ్చలేదు. (వచ్చిన కూలీలు ఎక్కువమంది నల్లవాళ్ళు. ఆ కోపంలో అదీ కలిసుందనేవాళ్ళు ఉన్నారు.) చివరికి తేలింది ఏమిటంటే, ఏ ఊళ్ళో పని చేస్తే ఆ ఊరి కూలి ఇవ్వాలి. దాన్నే ప్రివెయిలింగ్ వేజ్ అంటారు.

బిడ్ పేపర్లలో వేజ్ డిటర్మినేషన్ అని, ఏ పనికి ఎంత కూలో చెప్పే పట్టిక ఒకటి ఉంటుంది. నీ లెక్క అక్కడే మొదలవ్వాలి. ముందు అది పని జరిగే కౌంటీదా కాదా, బిల్డింగ్ పనిదా లేక హైవే పనిదా చూసుకో. ఒక్కో పనికి రెండు అంకెలుంటాయి. ఉదాహరణకి బేసిక్, అంటే అసలు కూలి 38, ఫ్రింజ్, అంటే ఇన్సూరెన్సు, పెన్షన్ లాంటి సదుపాయాల వంతు 14 అనుకో. మనిషికి గంటకి 52 చేరాలి. ఆ 14ని హెల్త్ ఇన్సూరెన్సుకో పెన్షన్‌కో కట్టొచ్చు, లేదా చెక్కులో కలపొచ్చు. చెక్కులో కలిపితే దానిమీద నీ వంతు 7.65 శాతం పేరోల్ టాక్స్ కూడా పడుతుంది. చాలామంది బిడ్‌లో ఇదే మర్చిపోతారు. ఓవర్‌టైమ్‌కి ఒకటిన్నర రెట్లు బేసిక్ మీదే. 38కి ఒకటిన్నర రెట్లు 57, దానికి 14 కలిపితే 71 అవుతుంది. మొత్తం 52కి ఒకటిన్నర వేసి 78 కాదు.

ఇక నా దెబ్బ చెప్తాను. నా మొదటి ఫెడరల్ పనిలో గోడలు గీకే ఇద్దర్ని లేబరర్ అని రాశాను, రేటు తక్కువని. ఇన్‌స్పెక్టర్ సైటుకొచ్చి వాళ్ళనే అడిగాడు, "రోజంతా చేతిలో ఏం పట్టుకుంటారు?" అని. గీకడం, శాండింగ్, టేప్ అంటించడం అన్నీ అక్కడ పెయింటర్ పని కిందే లెక్కట. మనం పెట్టిన పేరుతో వాళ్ళకి పనిలేదు, చేసిన పని చూస్తారు. తేడా మొత్తం కట్టాను. అది తేలేదాకా జనరల్ కాంట్రాక్టర్ నా బిల్లు ఆపేశాడు. ఆ మూడు నెలల టెన్షన్ మీ అత్తయ్యని అడుగు. ఒకే మనిషి నిజంగా రెండు రకాల పనులు చేస్తే ఏ పని ఎన్ని గంటలో విడివిడిగా రాసిపెట్టు. అప్పుడే రెండు రేట్లు చెల్లుతాయి.

అప్రెంటిస్ అని తక్కువ ఇద్దామనుకోకు. రిజిస్టర్ అయిన ప్రోగ్రాంలో లేకపోతే వాడికీ పూర్తి రేటే. వీకెండ్‌లో సాయానికొచ్చే నీ బావమరిదికీ అంతే, బంధువని మినహాయింపు లేదు.

జీతం వారం వారం ఇవ్వాలి, దానితోపాటు సర్టిఫైడ్ పేరోల్, అంటే ఎవరికి ఎన్ని గంటలకి ఎంత ఇచ్చావో నువ్వు సంతకంతో ధృవీకరించే లెక్క, పంపాలి. డబ్ల్యూహెచ్-347 ఫారం వాడుకో. కింద సంతకం పెట్టేది నువ్వు, అబద్ధం రాస్తే అది క్రిమినల్ కేసు. చెక్కు ఇచ్చి చాటుగా కొంత వెనక్కి తీసుకునేవాళ్ళు మనవాళ్ళలోనూ ఉన్నారు. ఆ పక్కకి వెళ్ళకు, దానికోసమే 1934లో విడిగా చట్టం తెచ్చారు. దొరికితే మూడేళ్ళు ఫెడరల్ పనులకి దూరం పెట్టొచ్చు. నువ్వు కింద ఇంకో సబ్‌కాంట్రాక్టర్‌ని పెట్టుకుంటే అతను ఎగ్గొట్టింది కూడా నీ నెత్తికే వస్తుంది.

రేపు ప్రభుత్వ స్కూలు పనులకి వెళ్తే అది స్టేట్ లెక్క. న్యూజెర్సీ చట్టం 1963ది, రేట్లు వేరు, బిడ్ వేసేముందే పబ్లిక్ వర్క్స్ కాంట్రాక్టర్‌గా రిజిస్టర్ అయి ఉండాలి.

గురువారం బిడ్ అన్నావు కదా. బిడ్ పేపర్లకి అమెండ్‌మెంట్ ఏదైనా వచ్చిందేమో బుధవారం చూడు, ఒక్కోసారి కొత్త రేట్ల పట్టిక అందులోనే వస్తుంది. ఆ 24 కొట్టేసి, లెక్క మళ్ళీ వేసి నాకు పంపు.

మామయ్య