ఎక్స్‌రే కండరాన్ని దాటిపోతుంది కదా, ఎముక దగ్గర ఎందుకు ఆగుతుంది?

ఎముక గట్టిది కాబట్టి అని చాలామంది అనుకుంటారు. గట్టిదనానికీ దీనికీ సంబంధం లేదు. వజ్రం అంత గట్టిదైనా ఎక్స్‌రే దాన్ని సులువుగా దాటిపోతుంది. గోరుతో గీస్తే గీత పడే సీసం మాత్రం ఆపేస్తుంది.

అసలు తేడా పరమాణువుల్లో ఉంది. ఆస్పత్రిలో వాడే ఎక్స్‌రేలను ఒక గ్రాము పదార్థం మింగే శక్తి, సుమారుగా అందులోని పరమాణువుల పరమాణు సంఖ్య (ఒక పరమాణువులో ఉండే ప్రోటాన్ల సంఖ్య) ఘనం లెక్కన పెరుగుతుంది (కచ్చితమైన సూత్రం కాదు, మంచి అంచనా). వజ్రమంతా కార్బనే, దాని సంఖ్య 6. కండరంలో ఎక్కువగా ఉండే ఆక్సిజన్‌ది 8, ఎముకలోని కాల్షియంది 20. రెండున్నర రెట్లే కదా అనిపిస్తుంది, కానీ ఘనం చేసి చూడండి, 15 రెట్లు దాటుతుంది! సీసం సంఖ్య ఏకంగా 82. అందుకే ఎక్స్‌రే గదిలో సీసం ఆప్రాన్ వేసుకుంటారు.

సాంద్రత, మందం కూడా లెక్కలోకి వస్తాయి. గాలి నిండిన ఊపిరితిత్తులు ఫిల్మ్ మీద నల్లగా కనిపించేది అందుకే. ఎముక కూడా కిరణాలను పూర్తిగా ఆపదు, కొన్ని దాటుతాయి. తక్కువ కిరణాలు చేరిన చోట ఫిల్మ్ తెల్లగా మిగులుతుంది. పేగులు మామూలుగా సరిగా కనిపించవు కాబట్టి ముందుగా బేరియం ఉన్న ద్రవం తాగిస్తారు, బేరియం సంఖ్య 56.