మాస్టారూ, ఆమె పక్కన కూర్చోండి

ప్రశ్న: నాకు 66 ఏళ్లు. సోషల్ టీచరుగా, చివర్లో హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యాను. చిత్తూరు నుంచి వచ్చి తిరుపతిలో స్థిరపడ్డాం. మా వీధిలో రిటైరైనవాళ్లం పద్దెనిమిది మందిమి మంగళ, శుక్రవారాల్లో ఒకరి మిద్దె మీద కలుస్తాం. తెలిసిన విషయాలు ఒకరికొకరం చెప్పుకుంటాం. నేను తిరుమల చరిత్ర మొదలుపెట్టాను. హాజరు పట్టీ రాసి, గంటన్నర చెప్పి, చివర్లో ప్రశ్నలు అడిగేవాణ్ణి. మూడో క్లాసుకే సగం మంది రాలేదు. ఆర్టీసీలో కండక్టరుగా చేసిన ఒకాయన తమిళ అక్షరాలు నేర్పుతుంటే మాత్రం కుర్చీలు చాలడం లేదు. అవమానంగా అనిపించి మానేశాను. నా భార్య మానలేదు. పదో తరగతితో చదువు ఆపేసిన మనిషి, ఇప్పుడు నోటుపుస్తకానికి అట్ట వేసుకుని, దాని మీద తన పేరు రాసుకుంది. మొన్న కోపంలో ‘ఈ వయసులో నీకు చదువెందుకు’ అన్నాను. అప్పటి నుంచి ముభావంగా ఉంటోంది. నాకు తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తోంది. తనని మాన్పించడం తప్పా? నేను వేరే గ్రూపు పెట్టుకోవాలా?
- ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: మాస్టారూ, మాన్పించడం తప్పే. అందులో నాకు రెండో ఆలోచన లేదు.

మీ ఉత్తరంలో నేను ఆగిపోయింది ఆ నోటుపుస్తకం దగ్గర. ప్రతి జూన్‌లోనూ మీ పిల్లల పుస్తకాలకు అట్టలు వేసింది బహుశా ఆవిడే అయి ఉంటుంది. వాటి మీద పేర్లు పిల్లలవి. ఇన్నేళ్లూ వీధిలో ఆవిడ హెడ్మాస్టరుగారి భార్య, ఫలానావాళ్ల అమ్మ. ఇప్పుడు ఒక అట్ట మీద తన పేరు తనే రాసుకుంది. సరిగ్గా అప్పుడే ఇంట్లోంచి ‘నీకు చదువెందుకు’ అన్న మాట వినిపించింది. బతుకంతా పిల్లలకు ‘చదువుకోండి’ అని చెప్పిన మనిషి నోటి నుంచి వచ్చింది కాబట్టి ఆ మాట ఇంకా గట్టిగా తగిలి ఉంటుంది. ముందు ఆవిడకు క్షమాపణ చెప్పండి. ‘కోపంలో ఏదో అనేశాను’ అని దాటేయొద్దు. ‘అలా అనడం తప్పు, నువ్వు చదువుకోవడం నాకు సంతోషం’ అని చెప్పండి.

ఇక మీ బాధ. దాన్ని నేను తీసిపారేయడం లేదు. ఏళ్ల తరబడి మీరు క్లాసులోకి అడుగుపెడితే పిల్లలందరూ లేచి నిలబడ్డారు. రిటైరైన మర్నాటి నుంచి ఆ గంట మోగదు. మిద్దె మీద మళ్లీ ఒక క్లాసు దొరికిందనుకున్నారు, అదీ జారిపోయింది. బాధ ఉండదా మరి!

అయితే అది క్లాసు కాదు మాస్టారూ. రిటైరైనవాళ్ల చదువు అనే ఆలోచన 1973లో ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో రూపం దాల్చింది. అక్కడ యూనివర్సిటీ ప్రొఫెసర్లు చెప్పేవారు, పెద్దవాళ్లు వినేవారు. 1980ల మొదట్లో అది బ్రిటన్ చేరాక పద్ధతి మారింది. బయటి నుంచి పంతుళ్లు లేరు, పరీక్షలు లేవు, చేరడానికి ఏ అర్హతా అక్కర్లేదు. ఈ రోజు చెప్పినవాళ్లు రేపు ఇంకొకరి దగ్గర కూర్చుని వింటారు. మీ మిద్దె మీది గుంపు ఈ రెండో రకం. మీరేమో మొదటి రకం అనుకుని హాజరు పట్టీతో వెళ్లారు. ఆ పట్టీ ఇక తీయకండి. డెబ్బై ఏళ్ల మనిషిని నలుగురిలో లేపి ‘చెప్పండి చూద్దాం’ అంటే, చిన్నప్పుడు బడిలో పడ్డ దెబ్బలన్నీ గుర్తుకొస్తాయి. గంటన్నర సేపు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోవడానికి మోకాళ్లు ఒప్పుకోవు. కొందరికి సరిగా వినబడదు. కొందరికి మధ్యలో బాత్రూముకు వెళ్లాల్సి వస్తుంది, లేవడానికి మొహమాటం. ముప్పావు గంట చాలు. చెప్పేటప్పుడు చేతిలో ఒక ఫొటోనో మ్యాపో ఉంటే ఇంకా మంచిది.

ఆ కండక్టరు గారి దగ్గర కుర్చీలు ఎందుకు చాలడం లేదో ఆలోచించారా? ఎవరు బస్సెక్కినా ‘ఎక్కడికి?’ అని అడిగాకే టికెట్ కొట్టడం ఆయనకు అలవాటు. మీ పక్కవాళ్లలో సగం మందికి తమిళం మాట్లాడటం వచ్చే ఉంటుంది, చదవడమే రాదు. వేలూరు ఆసుపత్రికో, తిరుత్తణికో, అరుణాచలానికో వెళ్లినప్పుడు బస్సు మీద బోర్డు చూసి ‘ఇది ఎక్కడికి పోతుంది నాయనా’ అని ఎవరినో అడగాల్సిందే. ఇప్పుడు వాళ్లే చదువుకోగలరు. ఆ ఆనందం ముందు మీ రాజుల వరస ఓడిపోయిందంటే, చరిత్రలో లోపం ఉన్నట్టు కాదు.

నన్నడిగితే ఆయన తమిళం మీకే అందరికంటే ఎక్కువ అవసరం. తిరుమల, తిరుపతి గుళ్ల గోడల మీది శాసనాల్లో ఎక్కువ భాగం తమిళంలోనే ఉన్నాయి. 1930లలో దేవస్థానం వాటిని సంపుటాలుగా అచ్చు వేయించింది. భోగ శ్రీనివాసమూర్తి వెండి విగ్రహాన్ని స్వామికి సమర్పించిన పల్లవ రాణి సామవై గురించి మీరు క్లాసులో చెప్పే ఉంటారు. ఆమె శాసనమూ తమిళమే. గోడ మీది పాత లిపి మనలాంటివాళ్లకు అంత సులువుగా కొరుకుడుపడదు, అచ్చులో ఉన్నది మెల్లగా కూడబలుక్కోవచ్చు. చరిత్ర మీకు తెలుసు, అక్షరాలు ఆయనకు తెలుసు. ఇద్దరూ కలిసి ఒక పూట చెప్పండి. సామవై పేరు మీ ఆవిడను చదవమనండి. ఆవిడ తడబడితే అందించడం కండక్టరు గారి పని, మీరు ఊరుకోండి.

అందుకే వేరే గ్రూపు వద్దు. పెడితే అక్కడా మళ్లీ మీరొక్కరే చెబుతూ ఉంటారు. వీధిలో రెండు వర్గాలు తయారవుతాయి, సాయంత్రం ఎదురుపడితే పలకరించుకోవడానికి కూడా ఇబ్బందే. నెల రోజుల పాటు ఏమీ చెప్పకండి, నేర్చుకోవడానికే వెళ్లండి. మొదటి రోజు ఎవరైనా ‘ఏం సార్, ఇన్నాళ్లూ కనబడలేదే’ అంటే ‘మనసు బాగోక రాలేదు’ అనండి, చాలు. ఆ వయసువాళ్లందరికీ ఆ మాట అర్థమవుతుంది.

మూడింటికి మెలకువ వస్తోందన్న మాటను మాత్రం నేను తేలిగ్గా వదలను. రెండు వారాలు దాటినా నిద్ర సరిగా పట్టకపోతే, లేదా తిండి మీద, మనుషుల మీద ఆసక్తి పోతే సైకియాట్రిస్టును కలవండి. అందులో నామోషీ ఏమీ లేదు. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళప్పుడైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

ఈ శుక్రవారం ఆవిడ బయల్దేరేలోపు మీరు చొక్కా వేసుకుని సిద్ధంగా ఉండండి. దారిలో ఒక నోటుపుస్తకం కొనుక్కోండి. ఇన్ని రోజుల్లో దాటిపోయిన అక్షరాలు ఆవిడ పుస్తకంలో ఉంటాయి. చూసి రాసుకుంటానని అడగండి.