కలర్ బ్లైండ్‌నెస్ ఉంటే పైలట్ కాలేడా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ మొదటి సంవత్సరం. పైలట్ కావాలన్నది చిన్నప్పటి కోరిక. ఈమధ్య కళ్లజోడు కోసం వెళితే, చుక్కల పుస్తకంలో 74 అంకెను 21 అని చదివాడు. కలర్ బ్లైండ్‌నెస్ అన్నారు. మా తమ్ముడికీ ఇదే ఉంది. నా వల్లే వచ్చిందా? ప్రత్యేక కళ్లద్దాలతో గట్టెక్కొచ్చని ఒకరు, విదేశంలో ట్రైనింగ్ అయితే ఇబ్బంది లేదని ఒక కన్సల్టెన్సీ వాళ్లు అంటున్నారు. అడ్వాన్స్ కట్టమంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, కరీంనగర్

జవాబు: ముందు ఆ అడ్వాన్స్ ఆపండమ్మా. మెడికల్ సంగతి తేలేదాకా ఎవరికీ రూపాయి కూడా ఇవ్వకండి.

మీరన్న చుక్కల పుస్తకం ఇషిహారా పరీక్ష. ఎరుపు, ఆకుపచ్చల తేడా సరిగా తెలియనివారు 74ను 21గా చదవడం మామూలే. లోపం ఉందని అది పట్టిస్తుంది కానీ, ఎంత ఉందో కచ్చితంగా చెప్పదు. మీవాడి విషయం తేలాల్సింది ఆ 'ఎంత' దగ్గరే. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నిబంధనల ప్రకారం, చుక్కల పరీక్ష తప్పినా విమానయానంలో వాడే రంగు లైట్లను సరిగ్గా గుర్తుపట్టగలిగితే ఫిట్ కిందే లెక్క. అందుకు లాంతరు పరీక్ష (చిన్న రంగు లైట్లు చూపించి ఏ రంగో చెప్పమనేది) లాంటివి ఉంటాయి. అక్కడా తప్పితే క్లాస్-1 మెడికల్, అంటే పైలట్ ఉద్యోగానికి కావాల్సిన ఆరోగ్య సర్టిఫికెట్, రాదు. అది లేనిదే కమర్షియల్ పైలట్ లైసెన్స్ లేదు.

ఇంత పట్టింపు ఎందుకని మీవాడు అడగొచ్చు. రన్‌వే పక్కన వరుసగా నాలుగు లైట్లుంటాయి. దిగేటప్పుడు రెండు తెల్లగా, రెండు ఎర్రగా కనిపిస్తే ఎత్తు సరిపోయినట్టు. నాలుగూ ఎరుపైతే మరీ కిందికి వచ్చేసినట్టు. 2002లో అమెరికాలోని టల్లహాసీలో ఒక ఫెడెక్స్ సరుకు విమానం తెల్లవారకముందే దిగబోతూ, రన్‌వే చేరకుండానే చెట్లను కొట్టుకుని కూలిపోయింది. సిబ్బంది ముగ్గురూ గాయాలతో బయటపడ్డారు. నడుపుతున్న ఫస్ట్ ఆఫీసర్‌కు (కో-పైలట్‌కు) కలర్ విజన్ లోపం ఉందని, అలసటతో పాటు అదీ ఒక కారణమని దర్యాప్తులో తేల్చారు.

మీకు చెప్పిన ఆ ప్రత్యేక కళ్లద్దాలు మెడికల్‌లో పనికిరావు. పుట్టుకతో వచ్చిన ఈ లోపానికి మందూ లేదు, ప్రకటనలు చూసి డబ్బు పోసుకోకండి. ఇక విదేశం మాట. బ్రిటన్‌లో లోపం తీవ్రతను కంప్యూటర్ పరీక్షతో కొలుస్తారు. 2025 నుంచి అమెరికా కూడా కంప్యూటర్ పరీక్షలకు మారింది. కానీ అక్కడ లైసెన్స్ తెచ్చుకున్నా, ఇక్కడి ఎయిర్‌లైన్స్‌లో చేరాలంటే దాన్ని మన దేశ పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ దగ్గర మార్పించుకోవాలి. అప్పుడు మళ్లీ మన క్లాస్-1 మెడికలే. లక్షలు పోసి వచ్చాక ఇక్కడ అన్‌ఫిట్ అంటే? ఈ ముక్క కన్సల్టెన్సీ వాళ్లు చెప్పరు.

ఇప్పుడే పెద్ద కంటి ఆసుపత్రికి తీసుకెళ్లి, లోపం ఏ రకం, ఎంత తీవ్రం అన్నది రాయించుకోండి. స్వల్పమే అంటే, డీజీసీఏ గుర్తించిన డాక్టర్ దగ్గర ముందు క్లాస్-2 (ట్రైనింగ్ మొదలుపెట్టడానికి కావాల్సిన తొలి మెడికల్), తర్వాత క్లాస్-1 కూడా పూర్తి చేయించి, ఆ తర్వాతే ఫ్లయింగ్ స్కూల్ మెట్లెక్కండి. క్లాస్-2 చేతికొచ్చింది కదా అని ఫీజు కట్టేయొద్దు.

మీ వల్లేనా అన్నారు. ఈ లోపం ఎక్కువగా ఎక్స్ క్రోమోజోమ్ మీద వస్తుంది. కొడుక్కి అది తల్లి నుంచే అందుతుంది, తల్లికి రంగులు చక్కగానే కనిపిస్తుండొచ్చు. మేనమామకు ఉండి మేనల్లుడికి రావడం అందుకే. ఇందులో తప్పు ఎవరిదీ కాదమ్మా. చిన్న కొడుకుంటే వాడికీ ఒకసారి పరీక్ష చేయించండి.

ఒకవేళ తీవ్రంగా ఉందంటే, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ ఉద్యోగానికీ రంగుల పరీక్ష ఉంటుంది, దాన్ని ప్రత్యామ్నాయం అనుకోకండి. విమానాల మెయింటెనెన్స్‌లోనూ రంగురంగుల వైర్లతో పని, చేరేముందే నిబంధన అడగండి. ఎంపీసీ కాబట్టి జేఈఈ, ఎప్‌సెట్ మాత్రం వదలొద్దు. నన్నడిగితే ఏరోస్పేస్ ఇంజినీరింగ్ వైపు చూడమంటాను. మన హైదరాబాద్ పక్కన ఆదిభట్లలోనే విమానాల, హెలికాప్టర్ల భాగాలు తయారవుతున్నాయి. డిజైన్, అనాలిసిస్ పనుల్లో ఈ లోపం పెద్ద అడ్డంకి కాదు. ఎయిర్‌పోర్ట్ మేనేజ్‌మెంట్ ఇష్టమైతే అమేఠీ దగ్గర ఫుర్సత్‌గంజ్‌లోని రాజీవ్ గాంధీ జాతీయ విమానయాన విశ్వవిద్యాలయం కోర్సులు కూడా చూడొచ్చు.