డెవలపర్ కొనేముందు నెలకెన్ని ఫిల్ము రోళ్లు కడుగుతావో చూసుకో

చిరంజీవికి ఆశీస్సులు.

బ్లాక్ అండ్ వైట్ ఫిల్ము మీది బొమ్మని పైకి తేల్చే రసాయనం, అదే డెవలపర్, ఏది వాడితే గ్రెయిన్ (ఫోటోలో కనబడే రేణువుల గరుకు) సన్నగా వస్తుందని అడిగావు. దానికంటే ముందు తేల్చుకోవాల్సింది, నెలకి ఎన్ని రోళ్లు కడుగుతావన్నది. సీసాలో పాడైపోయిన డెవలపర్ ముందు ఏ గొప్ప ఫార్ములా అయినా దండగే.

నెలకి నాలుగైదు రోళ్లు ఖాయంగా కడిగేట్టయితే పొడిగా దొరికే డెవలపర్లలో డి-76 గానీ ఐడీ-11 గానీ తీసుకో. పేర్లే వేరు, పనితీరు దాదాపు ఒకటే. లీటరుకి మెటాల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100, హైడ్రోక్వినోన్ 5, బోరాక్స్ 2: 1927 నుంచి ఉన్న ఫార్ములా. అంత సల్ఫైట్ ఎందుకంటే, అది ద్రావణాన్ని గాలి నుంచి కాపాడుతుంది, వెండి రేణువుల అంచుల్ని కొద్దిగా కరిగించి గ్రెయిన్‌ని మెత్తబరుస్తుంది కూడా. సమంగా నీళ్లు కలిపితే సల్ఫైట్ సగమవుతుంది కాబట్టి గ్రెయిన్ రవ్వంత పైకి తేలి, అంచులు పదునెక్కుతాయి. నాకు నచ్చేది ఇదే. వాడి పారబోస్తావు గనక ప్రతి రోలుకీ కొత్త ద్రావణం దొరుకుతుంది. ఒక్క జాగ్రత్త: సమపాళ్లలో కలిపినప్పుడు రోలుకి అర లీటరు దాకా ఉండాలి. చిన్న ట్యాంకులో 250 మిల్లీలీటర్లే పడితే టైము పది శాతం పెంచు.

పొడి ప్యాకెట్‌ని సగం వాడి సగం దాచకు. లోపలి పొళ్లు సమంగా కలిసి ఉండవు, ఏ సగంలో ఏది ఎక్కువ పడిందో నీకు తెలీదు. డి-76 అయితే 50-55 డిగ్రీల నీళ్లలో, ఐడీ-11 అయితే 40 డిగ్రీల నీళ్లలో కొద్దికొద్దిగా పోస్తూ మొత్తం కలిపేసి, చల్లారాకే వాడు. విడి కెమికల్స్ తూచి కలిపేట్టయితే ముందు ఒక చిటికెడు సల్ఫైట్ వేసి, తర్వాత మెటాల్ కరిగించు, మిగతా సల్ఫైట్ ఆ తర్వాతే. సల్ఫైట్ అంతా ముందే పోస్తే మెటాల్ కరగనని మొరాయిస్తుంది. గ్లవ్స్ లేకుండా మాత్రం ముట్టుకోకు, మెటాల్ కొందరి చర్మానికి పడదు.

నిండుగా, గాలి లేకుండా మూసిన సీసాలో స్టాక్ (పలచన చెయ్యని అసలు ద్రావణం) ఆరు నెలలుంటుంది, సగం ఖాళీ సీసాలో రెండు నెలలే. అందుకే లీటరు సీసా బదులు 250 మిల్లీలీటర్ల సీసాలు నాలుగు పెట్టుకో. పాతబడుతున్న డి-76లో హైడ్రోక్వినోన్ ఆక్సీకరణ చెందేకొద్దీ క్షారం పెరిగి, కొన్నాళ్లు మామూలు కన్నా చురుగ్గా పనిచేస్తుంది కూడా. అదే టైముకి నెగెటివ్‌లు ఉన్నట్టుండి గట్టిగా వస్తుంటే అనుమానించాల్సింది దీన్నే.

రెండు మూడు నెలలకి ఒక రోలు కడిగేట్టయితే పొడి జోలికి పోకు. చిక్కటి ద్రవంగా దొరికే డెవలపర్లే నీకు సరి. వాటిలో రోడినాల్‌ది విచిత్రమైన ఆయుష్షు: 1891 నాటిది, సీసాలో నల్లబడినా ఏళ్ల తరబడి పనిచేస్తుంది. 6 మిల్లీలీటర్లకి 300 మిల్లీలీటర్ల నీళ్లు, ఒక రోలుకి చాలు. గ్రెయిన్‌ని కరిగించేంత సల్ఫైట్ ఇందులో ఉండదు కాబట్టి అది ఉన్నదున్నట్టు కనబడుతుంది, అంచులు మాత్రం కత్తిలా వస్తాయి. 100 స్పీడు (వెలుతురుని పట్టుకునే శక్తి) ఉన్న ఫిల్ముకి హాయిగా ఉంటుంది. 400 దాన్ని పుష్ చెయ్యడానికి, అంటే తక్కువ వెలుతురులో తీసి ఎక్కువసేపు కడగడానికి, వాడితే నీడలు ఖాళీ అయిపోతాయి. ఒకటికి వంద పాళ్లలో కలిపి గంటసేపు కదపకుండా వదిలేసే పద్ధతి గురించి చాలామంది ఊరిస్తారు. 300 మిల్లీలీటర్ల ట్యాంకులో అలా కలిపితే అసలు డెవలపర్ పడేది 3 మిల్లీలీటర్లే, రోలుకి కనీసం 5 ఉండాలి. పైగా కదలిక లేక ఫిల్ము నుంచి వెలువడే బ్రోమైడ్ కిందికి జారి, అంచున ఉండే పెర్ఫొరేషన్ల (రంధ్రాల) పక్కన చారలు పడతాయి.

హెచ్‌సీ-110 కూడా ద్రవమే, గ్రెయిన్ డి-76కి దగ్గరగా ఉంటుంది. రోలుకి 6 మిల్లీలీటర్లకి తగ్గకు. 1:31 పాళ్లలో కొన్ని ఫిల్ములకి ఐదు నిమిషాల లోపే అయిపోతుంది, అంత తొందరలో ఆకాశంలో మచ్చలు రావడం ఖాయం. 1:63కి పలచన చేసి, టైము రెట్టింపు నుంచి మొదలుపెట్టి సరిచూసుకో.

ఎక్స్‌టాల్ మంచిదే. విటమిన్ సి కుటుంబానికి చెందిన ఆస్కార్బేట్ ఆధారంగా చేసింది, గ్రెయిన్ సన్నం, నీడల్లో వివరం బాగా నిలుస్తుంది. కానీ పాడైనప్పుడు రంగు మారదు. చూస్తే నీళ్లలా ఉంటుంది, ఫిల్ము మాత్రం ఖాళీగా వస్తుంది. దీన్ని డిస్టిల్డ్ వాటర్‌లోనే కలుపు, నీళ్లలో ఇనుము ఉంటే ఆస్కార్బేట్ త్వరగా చచ్చిపోతుంది.

ఇక నువ్వడిగిన సన్నటి గ్రెయిన్. పెర్సెప్టాల్ అనే డెవలపర్ ఇస్తుంది గానీ ఊరికే ఇవ్వదు. స్పీడు తింటుంది. 400 ఫిల్ముని 200-250 దగ్గర మీటరు పెట్టి, అంటే ఎక్కువ వెలుతురు ఇచ్చి తీయాలి. వెలుతురు తక్కువని 1600కి లాగాల్సివస్తే దానికి విరుగుడు మైక్రోఫెన్ అనే డెవలపర్. ఇది కూడా నీడలకి రవ్వంత స్పీడు ఇస్తుందే తప్ప, ఫిల్ము మీద పడని వెలుతురుని పుట్టించదు.

నీ దగ్గరున్నది 400 స్పీడు ఫిల్ము హెచ్‌పీ5 ప్లస్ కాబట్టి ఐడీ-11 ఒకటికి ఒకటి, 20 డిగ్రీల దగ్గర 13 నిమిషాలతో మొదలుపెట్టు. ప్రతి నిమిషం మొదటి పది సెకన్లలో ట్యాంకుని నాలుగుసార్లు తిరగెయ్యి. నీళ్లు 24 డిగ్రీలుంటే దాదాపు 9 నిమిషాలు. నీడలు పలచగా ఉంటే ఎక్స్‌పోజర్ పెంచు, వెలుగు భాగాలు నెగెటివ్‌లో మరీ నల్లగా మూసుకుపోతే టైము తగ్గించు. ఈ రెండూ కుదిరేదాకా డెవలపర్ మార్చకు, మారిస్తే దేనివల్ల ఏమైందో తేలదు.

పాత స్టాక్ మీద అనుమానముంటే రోలు ముందుండే లీడర్ ముక్క కత్తిరించి, వెలుతురులోనే ఆ ద్రావణంలో ముంచు. నాలుగైదు నిమిషాల్లో నల్లగా మారాలి. స్టాక్ కలిపిన మొదటి రోజే ఇలా ఒక ముక్క ముంచి, ఫిక్సర్‌లో (బొమ్మని నిలిపే ద్రావణంలో) వేసి కడిగి, ఎంతసేపు ముంచావో రాసి సీసాకి అంటించు. తర్వాత ముంచే ముక్కని అంతే సమయం ఉంచి, దాని పక్కన పెట్టి చూడు. నలుపు తగ్గితే పారబోసెయ్యి.