సమ్రాట్టా, చక్రవర్తా, అగ్రగణ్యుడా?

సందేహం: ‘ఆగస్టస్ రోమ్ తొలి సామ్రాట్’ అని ఒక పుస్తకంలో, ‘తొలి చక్రవర్తి’ అని మరొక పుస్తకంలో చదివాను. ఏది సరైనది? ‘రోమన్ గణతంత్రం సామ్రాజ్యంగా మారింది’ అనవచ్చా?

సమాధానం: ముందు రూపం సంగతి. ‘సామ్రాట్’ తప్పు, సమ్రాట్టు అనాలి. సామ్రాజ్యంలోని దీర్ఘాన్ని చూసి దీనికీ తగిలిస్తున్నారు. అక్కడి దీర్ఘం తద్ధిత ప్రత్యయం వల్ల వచ్చింది. పండితుడిది పాండిత్యం; అంతమాత్రాన ‘పాండితుడు’ అంటామా? ‘సమ్’ తరవాత రేఫ వస్తే మకారం సున్న అవుతుంది: సంరక్షణ, సంరంభం. రాట్ ముందు మాత్రం మకారం నిలవాలని ‘మో రాజి సమః క్వౌ’ అంటూ పాణిని విడిగా ఒక సూత్రమే చేశాడు. అంత శ్రద్ధగా కాపాడిన మాటను పాఠ్యపుస్తకాలవాళ్లయినా చెడగొట్టకుండా ఉండాలి.

ఇక అర్థం. రాజసూయం చేసినవాడు, మండలేశ్వరుడు, తన ఆజ్ఞతో రాజులను శాసించేవాడు సమ్రాట్టని అమరకోశం. సభాపర్వంలో ధర్మరాజు రాజసూయానికి ముందు, అప్పటికి ఆ స్థానంలో ఉన్న జరాసంధుడు తొలగవలసి వచ్చింది అందుకే. ఆగస్టస్ కింద యూదయలో హేరోదు వంటి రాజులున్నారు కనుక మూడో లక్షణం ఆయనకు సరిపోతుంది. చక్రవర్తికి అమరం ఇచ్చిన పర్యాయపదం సార్వభౌముడు.

అయితే చిక్కంతా ‘రాట్’లోనే ఉంది. మన ‘రాజ్’, లాటిన్‌లో రాజు అనే అర్థమున్న ‘రెక్స్’ ఒకే మూలం నుంచి పుట్టిన మాటలు. క్రీ.పూ. 509లో రోమ్ చివరి రాజు టార్క్విన్‌ను వెళ్లగొట్టారని చెప్పుకునే నాటి నుంచి రోమన్లకు ఆ మాటంటే గిట్టదు. క్రీ.పూ. 44 ఫిబ్రవరిలో ఆంటోనీ కిరీటపట్టం అందిస్తే సీజర్ వద్దన్నాడు. కానీ అప్పటికే జీవితకాల డిక్టేటర్ అయ్యాడు. మార్చి 15న చంపేశారు. ఆయన వారసుడైన ఆగస్టస్ ఆ పాఠం మరవలేదు. క్రీ.పూ. 22లో జనం డిక్టేటర్ పదవి ఇస్తామన్నా తీసుకోలేదు.

ఆయన ఎంచుకున్న మాట ప్రిన్సెప్స్. సెనేట్ సభ్యుల పట్టికలో మొదట పేరున్నవాడు, మొదట అభిప్రాయం చెప్పేవాడు ‘ప్రిన్సెప్స్ సెనాటస్’. క్రీ.పూ. 28లో ఆ స్థానం ఆయనకు దక్కింది. దీనికి మన దగ్గర చక్కని మాట సిద్ధంగా ఉంది: అగ్రగణ్యుడు, అంటే ముందుగా లెక్కింపదగినవాడు. పొగడ్తల్లో వాడి వాడి దాని అసలు అర్థం మరిచిపోయాం.

అదే ఏడాది నాటి ఒక బంగారు నాణెం చూడండి. ఆయన మేజిస్ట్రేట్ పీఠం మీద కూర్చుని చేత రాతపత్రపు చుట్ట పట్టుకున్నాడు. పక్కన నేల మీద అలాంటి పత్రాలు దాచే పెట్టె. రోమన్ ప్రజల చట్టాలను, హక్కులను తిరిగి ఇచ్చాడని చుట్టూ రాత. తరవాతి జనవరిలో అధికారాలు వదులుకుంటున్నానన్నాడు. సెనేట్ ఆయనకు ‘ఆగస్టస్’ బిరుదు ఇచ్చింది. సైన్యం ఎక్కువగా ఉన్న స్పెయిన్, గాల్, సిరియాలను పదేళ్లకు అప్పగించింది. క్రీ.పూ. 23లో కాన్సల్ అనే అత్యున్నత పదవి వదిలి, సామాన్య ప్రజల ప్రతినిధి అయిన ట్రిబ్యూన్ అధికారం తీసుకున్నాడు. పట్రీషియన్, అంటే కులీన వర్గంవాడు కనుక ట్రిబ్యూన్ పదవికి అర్హుడు కాడు; అందుకని పదవి లేకుండా వీటో వంటి దాని అధికారాలను మాత్రం తీసుకున్నాడు. ఇతర రాష్ట్రపాలకుల మీద పైచేయి కూడా అప్పుడే వచ్చింది. కాన్సల్, ట్రిబ్యూన్ వంటి పాత పదవులు అలాగే ఉన్నాయి. ఇంగ్లీషు ‘ఎంపరర్’కు మూలమైన ఇంపెరాటర్ అంటే మొదట గెలిచిన సేనానికి సైనికులు పలికే జేజే. చక్రవర్తి అన్న అర్థం తరవాత స్థిరపడింది.

అందుకే మీ రెండో వాక్యం నాకు నచ్చదు. సిసిలీ క్రీ.పూ. 241లోనే రోమ్ చేతికి వచ్చింది. కార్తేజ్, కోరింత్ నగరాలు 146లో నేలమట్టమయ్యాయి. సామ్రాజ్యం గణతంత్రం ఉండగానే ఏర్పడింది. తరవాత మారింది ఏలే పద్ధతి. ‘గణపాలన పోయి ఏకపాలన వచ్చింది’ అనండి.

తొలి చక్రవర్తి అన్నది వాడుకలో స్థిరపడింది కనుక కాదనను. సమ్రాట్టు అన్నా అమరం ఒప్పుకుంటుంది. ఆయన తన్ను తాను ఏమనుకున్నాడో చెప్పేచోట మాత్రం అగ్రగణ్యుడు అని రాస్తే బాగుంటుందని నా అభిప్రాయం.